వెళ్లేటప్పుడు అడగరు, వచ్చేటప్పుడు అడుగుతారు: అంతర్జాతీయ ప్రయాణాల్లో టీకా ధ్రువపత్రం లెక్కలు

హైదరాబాద్ నుంచి ఒక కుటుంబం వేసవి సెలవులకు కెన్యా వెళ్లిందనుకుందాం. మసాయి మారాలో సింహాలను చూసి, నైరోబీలో బంధువుల ఇంట నాలుగు రోజులు ఉండి, దుబాయ్ మీదుగా తిరిగి శంషాబాద్‌లో దిగుతారు. వెళ్లేటప్పుడు వారిని టీకా గురించి ఎవరూ అడగలేదు. నైరోబీలోనూ అడగలేదు. తీరా సొంత ఊరికి వచ్చాక, ఇమిగ్రేషన్ వరుసలో నిలబడక ముందే, విమానాశ్రయ ఆరోగ్య విభాగం సిబ్బంది ఆపి ఎల్లో ఫీవర్ అనే దోమకాటు జ్వరానికి టీకా వేయించుకున్నట్టు రుజువు చేసే కార్డు చూపించమంటారు. కార్డు లేకపోతే ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచే అధికారం వారికి ఉంది. పరాయి దేశం రానిచ్చింది, మన దేశమే ఆపేసిందే అని ఆ కుటుంబం విస్తుపోవడం సహజం.

ఇందులో ఎవరి పొరపాటూ లేదు. కెన్యా ఈ కార్డును ఎల్లో ఫీవర్ ముప్పు ఉన్న దేశాల నుంచి వచ్చేవారిని మాత్రమే అడుగుతుంది. భారతదేశంలో ఆ జ్వరం లేదు కాబట్టి మనవాళ్లను అడగవలసిన పని దానికి లేదు. కెన్యాలో ఆ ముప్పు ఉంది కాబట్టి అక్కడి నుంచి వచ్చేవారిని, వారు మన పౌరులే అయినా సరే, భారతదేశం అడుగుతుంది. పాస్‌పోర్టు మీరు ఏ దేశస్థులో చెబుతుంది. టీకా కార్డు అడిగే అధికారికి ఆ సంగతితో నిమిత్తం లేదు, గత ఆరు రోజుల్లో మీరు ఏ నేల మీద ఉన్నారన్నదే ఆయనకు కావాలి. ప్రయాణానికి సిద్ధమయ్యేవారు వెళ్లబోయే దేశం నిబంధనలు చూస్తారు గానీ, తిరిగి వచ్చేటప్పుడు సొంత దేశం పెట్టే షరతులు చూడరు. చిక్కంతా అక్కడే వస్తుంది.

అసలు భారతదేశానికి ఈ జ్వరమంటే ఇంత జాగ్రత్త ఎందుకో తెలియాలంటే ముందు దోమ సంగతి చెప్పుకోవాలి. ఎల్లో ఫీవర్ వైరస్‌ను పట్టణాల్లో ఒకరి నుంచి మరొకరికి మోసేది ఏడిస్ ఈజిప్టై అనే దోమ. మన వీధుల్లో డెంగీని, చికున్‌గున్యాను వ్యాపింపజేసేదీ ఇదే. కూలర్ తొట్టిలో, డాబా మీద పడేసిన టైరులో, పూలకుండీ కింద పళ్లెంలో నిలిచిన మంచినీటిలో పెరిగి పగటిపూట కుట్టే ఈ దోమకు మన ఊళ్లలో కొదవ లేదు. టీకా వేయించుకోని జనం కోట్లలో ఉన్నారు. రోగం రాజుకోవడానికి కావలసినవన్నీ ఇక్కడ ఉన్నాయి, లేనిది వైరస్ ఒక్కటే. ఆఫ్రికాలోనూ దక్షిణ, మధ్య అమెరికాల్లోనూ కలిపి సుమారు 40 దేశాల్లో ఉన్న ఈ వ్యాధి ఆసియాలో ఇంతవరకు ఎందుకు పాతుకుపోలేదన్న ప్రశ్నకు శాస్త్రవేత్తల దగ్గర ఊహలు ఉన్నాయి గానీ తిరుగులేని జవాబు లేదు. 2016లో అంగోలాలో ఈ జ్వరం విజృంభించినప్పుడు అక్కడ పనిచేస్తున్న చైనా కార్మికుల్లో 11 మంది రోగంతోనే స్వదేశం చేరుకున్నారు. అదృష్టవశాత్తూ అక్కడి నుంచి అది వ్యాపించలేదు. అయితే వైరస్ విమానమెక్కి ఆసియాకు రాగలదని ఆ ఉదంతం తేల్చేసింది.

ఆరు రోజుల లెక్క కూడా దీని నుంచే పుట్టింది. వైరస్ ఒంట్లో చేరాక లక్షణాలు బయటపడటానికి పట్టే కాలాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ తెచ్చిన అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలు ఆరు రోజులుగా తీసుకున్నాయి. ముప్పు ఉన్న ప్రాంతాన్ని వదిలిన దగ్గర నుంచి ఆరు రోజులు జ్వరం లేకుండా గడిస్తే ఆ మనిషి వల్ల ప్రమాదం లేనట్టే లెక్క. కాబట్టి నైరోబీ నుంచి బయలుదేరి దుబాయ్‌లో నాలుగు రోజులు ఆగి వచ్చినవారికి మిగిలేది రెండు రోజులే. దుబాయ్‌లోనే వారం పైగా ఉండి వచ్చినవారు ఈ ఆరు రోజుల పరిధి దాటిపోతారు. టీకా వేయించుకున్నా కార్డు ఇంకా అమల్లోకి రాని ప్రయాణికుడిని ఆరు రోజులు పూర్తయ్యేవరకు గానీ, కార్డు అమల్లోకి వచ్చేవరకు గానీ, ఏది ముందైతే అంతవరకే ఉంచాలి.

భారతదేశంలో ఈ అధికారానికి ఆధారం 1954 నాటి విమాన ప్రజారోగ్య నిబంధనలు, 1955 నాటి ఓడరేవు ఆరోగ్య నిబంధనలు. వీటి ప్రకారం ఆరు నెలల లోపు పసిబిడ్డలకు తప్ప అందరికీ ఈ షరతు వర్తిస్తుంది. ముప్పు ఉన్న ప్రాంతం వదిలిన ఆరు రోజుల్లోపు వచ్చినవారే కాదు, అలాంటి ప్రాంతం మీదుగా మరో విమానం పట్టుకుని వచ్చినవారు కూడా ఇందులోకి వస్తారు. అక్కడి విమానాశ్రయం ఆవరణ దాటకుండా మొత్తం సమయం లోపలే గడిపినవారికి మినహాయింపు ఉంది, అదీ ఇక్కడి ఆరోగ్య అధికారి ఒప్పుకుంటేనే. ఇక్కడొక చిన్న మెలిక ఉంది. ఆడిస్ అబాబాలో తర్వాతి విమానం మర్నాటి ఉదయం ఉంటే విమాన సంస్థ రాత్రి బసకు ఊళ్లో హోటల్ ఇస్తుంది. ఉచితంగా గది దొరికిందని సంతోషించి బస్సు ఎక్కినవారు ఆవరణ దాటినట్టే, ఇథియోపియాలో అడుగుపెట్టినట్టే. లోపల కుర్చీలో కునుకు తీసినవారికి ఉన్న వెసులుబాటు వారికి ఉండదు. కొన్ని ఇతర దేశాలు దీన్ని గంటల్లో కొలుస్తాయి: ముప్పు ఉన్న దేశపు విమానాశ్రయంలో 12 గంటలకు మించి ఆగితే కార్డు కావాలంటాయి. అందుకే టికెట్ కొనేటప్పుడు ధరతో పాటు మధ్యలో ఆగే చోటు, ఆగే సమయం చూసుకోవడం మంచిది.

ఓడల సంగతి ఇంకా కఠినం. భారత తీరానికి చేరే ముందు 30 రోజుల్లో ముప్పు ఉన్న ప్రాంతపు రేవులో ఆగిన ఓడ మీద, నిబంధనల ప్రకారం దోమల మందు కొట్టకపోతే, వచ్చే ప్రతి మనిషికీ ఈ షరతు వర్తిస్తుంది. విశాఖపట్నం నుంచి మర్చంట్ నేవీలో చేరే కుర్రాళ్లకు ఈ టీకా ఉద్యోగపు తొలి కాగితాల్లో ఒకటి కావడానికి కారణం ఇదే. ముప్పు ఉన్న ప్రాంతంలో ఆగి మందు కొట్టకుండా వచ్చిన విమానంలోని ప్రయాణికులకూ ఇదే నియమం వర్తిస్తుంది. విమానంలో సిబ్బంది తల మీదుగా డబ్బాతో ఏదో చల్లుకుంటూ పోవడం చూసి విసుక్కునేవారు ఉంటారు. ఆ పిచికారీకి చట్టం లెక్కలో విలువ ఉంది.

ఇక టీకా దగ్గరికి వద్దాం. 1930లలో మాక్స్ థైలర్ బృందం తయారుచేసిన 17డి అనే బలహీనపరచిన సజీవ వైరస్‌తోనే నేటికీ ఈ టీకాలు తయారవుతున్నాయి. ఆ పనికి ఆయనకు 1951లో నోబెల్ బహుమతి వచ్చింది. అర మిల్లీలీటరు మందు, ఒకే ఒక్క సూది. ధ్రువపత్రం మాత్రం టీకా వేసిన రోజు నుంచి కాకుండా పది రోజుల తర్వాత నుంచి చెల్లుతుంది, ఎందుకంటే ఒంట్లో రక్షణ ఏర్పడటానికి ఆపాటి సమయం పడుతుంది. ఎల్లుండి ప్రయాణం పెట్టుకుని ఈరోజు టీకా కోసం పరుగెత్తేవారికి సూది దొరికినా చెల్లే కార్డు దొరకదు. ఇది రుసుము కట్టి తొందరపెట్టగలిగే పని కాదు.

ఈ టీకా ఏ ఆసుపత్రిలో పడితే ఆ ఆసుపత్రిలో వేయరు. కేంద్ర ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లో వేసి ముద్ర కొడితేనే కార్డు చెల్లుతుంది. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్, విశాఖపట్నంలో పోర్టు హెల్త్ ఆర్గనైజేషన్ ఇందుకు పేరున్న చోట్లు. సాధారణంగా వారంలో కొన్ని రోజులు, కొన్ని గంటలు మాత్రమే వేస్తారు, ముందుగా పేరు నమోదు చేసుకోవాలి. దీన్ని ప్రభుత్వ కార్యాలయపు బద్ధకంగా భావించడం తొందరపాటు. ఒక్కో సీసాలో పలువురికి సరిపడే మందు పొడి రూపంలో ఉంటుంది. ద్రావణం కలిపాక ఆరు గంటల్లో వాడేయాలి, మిగిలితే పారబోయాలి. ఒక్కరి కోసం సీసా విప్పితే మిగతా మోతాదులు మట్టిపాలవుతాయి కాబట్టి జనం పోగయ్యే రోజు చూసి వేస్తారు. పాస్‌పోర్టు అసలు ప్రతి చేతిలో లేకుండా వెళ్తే ఆ రోజు కూడా వృథా అవుతుంది, ఎందుకంటే కార్డులో రాసే పేరు, పుట్టిన తేదీ పాస్‌పోర్టుతో అక్షరం పొల్లుపోకుండా కలవాలి.

కార్డు అనేది పసుపు అట్ట ఉన్న చిన్న పుస్తకం. నా దగ్గర ఉన్నది 2013లో వేయించుకున్నది. లోపలి పేజీలో ఒక గీతల పట్టిక ఉంటుంది. టీకా పేరు, తేదీ, వేసినవారి సంతకం, హోదా, తయారీదారు పేరు, మందు బ్యాచ్ నంబరు, ఎప్పటి నుంచి ఎప్పటివరకు చెల్లుతుందన్నది, చివర కేంద్రం ముద్ర, అన్నీ ఒకే వరుసలో ఇరికించి రాసి ఉంటాయి. తేదీలో నెలను అంకెల్లో కాక అక్షరాల్లో రాయాలి. అలా రాయకపోతే నాలుగో నెల ఐదో తేదీ ఒక దేశంలో ఏప్రిల్ అవుతుంది, మరో దేశంలో మే అవుతుంది. వైద్యుడు చేతితో సంతకం చేయాలి, ముద్ర సంతకానికి బదులు కాదు. రాత ఇంగ్లీషులో గానీ ఫ్రెంచిలో గానీ ఉండాలి, దానికి తోడు మరో భాష ఉన్నా ఫరవాలేదు. కుటుంబం మొత్తానికి ఒకే కార్డు కుదరదు, చంటిబిడ్డకైనా విడిగా ఉండాలి.

నా పుస్తకంలో చెల్లుబాటు 2023 వరకే అని నీలి సిరాతో రాసి ఉంది, ఎందుకంటే అప్పటి నియమం పదేళ్లు. ఒక్క మోతాదు జీవితాంతం కాపాడుతుందని నిపుణులు తేల్చాక 2014లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్య దేశాల సమావేశమైన ప్రపంచ ఆరోగ్య సభ నిబంధన మార్చింది. 2016 జులై 11 నుంచి అది అమల్లోకి వచ్చింది. ఆ తేదీ తర్వాత ఇచ్చిన కార్డులకే కాదు, అంతకు ముందు పదేళ్లకు రాసిచ్చినవాటికీ అది వర్తిస్తుంది. కాబట్టి గడువు దాటిపోయినట్టు కనిపించే నా కార్డు నేటికీ చెల్లుతుంది. పాత తేదీ కొట్టేసి 'జీవితాంతం' అని రాసుకుంటే మాత్రం చెల్లకుండా పోతుంది, ఎందుకంటే కొట్టివేత, దిద్దుబాటు ఉన్న కార్డు రద్దయినట్టే. తప్పుగా కనిపిస్తున్నదాన్ని అలాగే వదిలేయడమే సరైన పని అయ్యే కాగితాలు లోకంలో అరుదు.

అందరూ ఈ టీకా వేయించుకోలేరు. ఇది సజీవ వైరస్ టీకా, పైగా కోడిగుడ్లలో పెంచుతారు. గుడ్డు తీవ్రంగా పడనివారికి, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారికి, థైమస్ గ్రంథి జబ్బులున్నవారికి, ఆరు నెలల లోపు పసివారికి వేయరు. అరవై దాటాక మొదటిసారి వేయించుకునేవారిలో అరుదుగానైనా తీవ్ర దుష్ఫలితాల అవకాశం ఎక్కువ కాబట్టి వైద్యుడు లాభనష్టాలు బేరీజు వేస్తాడు. గర్భిణుల విషయంలోనూ అంతే. నైజీరియాలోనో ఉగాండాలోనో ఉద్యోగం చేస్తున్న కొడుకు దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులకు ఇది ఊహాజనితమైన ప్రశ్న కాదు. టీకా పనికిరాదని వైద్యుడు కారణంతో సహా ఇంగ్లీషులో గానీ ఫ్రెంచిలో గానీ లేఖ ఇస్తే, దిగిన దేశపు అధికారులు దాన్ని పరిగణనలోకి తీసుకోవాలని నిబంధన చెబుతోంది. అయితే అది పరిగణన మాత్రమే, హామీ కాదు. ఆ లేఖతో వచ్చినవారిని కూడా ఆరు రోజులు పరిశీలనలో ఉంచవచ్చు.

ప్రపంచంలో ఇన్ని అంటురోగాలుండగా ఈ ఒక్కదానికే ఇంత తతంగం ఎందుకనే ప్రశ్నకు జవాబు చరిత్రలో ఉంది. 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తెచ్చిన అంతర్జాతీయ నిబంధనలు ఆరు రోగాలను పట్టించుకున్నాయి: కలరా, ప్లేగు, మశూచి, ఎల్లో ఫీవర్, టైఫస్, పునరావృత జ్వరం. కలరా టీకా రోగం సరిహద్దు దాటకుండా ఆపలేదని తేలడంతో 1973లో దాని ధ్రువపత్రాన్ని తొలగించారు. మశూచి భూమి మీద నుంచే పోవడంతో 1981లో అదీ జాబితాలోంచి వెళ్లిపోయింది. 2005లో తిరగరాసి 2007 జూన్ 15 నుంచి అమలు చేస్తున్న ప్రస్తుత నిబంధనల్లో, దేశంలోకి రానివ్వడానికి టీకా రుజువు అడగవచ్చని పేరు పెట్టి చెప్పిన రోగం ఎల్లో ఫీవర్ ఒక్కటే. ఘనా, కాంగో ప్రజాస్వామ్య గణతంత్రం వంటి దేశాలు ఎక్కడి నుంచి వచ్చారన్నదానితో పని లేకుండా ప్రతి ప్రయాణికుడినీ కార్డు అడగడం ఈ నిబంధన నీడలోనే జరుగుతోంది.

ఈ చిన్న పుస్తకం రెండు దేశాల మధ్య తగాదా కూడా తేగలదు. 2012 మార్చిలో దక్షిణాఫ్రికా అధికారులు కార్డులు అసలైనవి కావన్న అనుమానంతో 125 మంది నైజీరియన్లను జొహాన్నెస్‌బర్గ్ విమానాశ్రయం నుంచే వెనక్కి పంపారు. నైజీరియా కూడా దక్షిణాఫ్రికా పౌరులను అలాగే తిప్పిపంపింది. చివరికి దక్షిణాఫ్రికా క్షమాపణ చెప్పాక గొడవ సద్దుమణిగింది. టీకా వేయించుకోకుండా డబ్బిచ్చి కార్డు కొనుక్కునేవారి వల్ల నిజంగా వేయించుకున్నవారి మాట కూడా చెల్లని పరిస్థితి వస్తుందనడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనల జాబితాలో లేకపోయినా వేరే దారిలో వచ్చే షరతులు కొన్ని ఉన్నాయి. పోలియో వాటిలో ఒకటి. 2014 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ పోలియో వ్యాప్తిని అంతర్జాతీయ అత్యవసర పరిస్థితిగా ప్రకటించి, వైరస్‌ను ఎగుమతి చేస్తున్న దేశాల వాసులు ప్రయాణానికి నాలుగు వారాల నుంచి పన్నెండు నెలల ముందు ఒక మోతాదు వేయించుకోవాలని తాత్కాలిక సిఫారసు చేసింది. భారతదేశం అంతకు కొద్దిగా ముందే, ఆ ఏడాది మార్చిలోనే, పోలియో ఉన్న కొన్ని దేశాల నుంచి వచ్చేవారికి చుక్కల రుజువు తప్పనిసరి చేసింది. 2011 జనవరి 13న హౌరాలో కనిపించిన కేసే మన దేశంలో చివరిది. ఆ స్థితి చేజారకూడదన్నదే ఈ పట్టుదల. ఇక్కడ పెద్దలు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: చిన్నప్పుడు లెక్కలేనన్నిసార్లు చుక్కలు వేయించుకున్నాం కదా, మళ్లీ ఎందుకు? చిన్నప్పటి చుక్కలు మీకు పక్షవాతం రాకుండా కాపాడతాయి. కొత్త మోతాదు మీ పేగుల్లో వైరస్ పెరిగి మరొకరికి చేరకుండా చూస్తుంది. ఈ ధ్రువపత్రాలన్నీ ప్రయాణికుడి కోసం కాక, అతను దిగబోయే నేల మీది జనం కోసం పుట్టినవని ఇక్కడ ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది.

మెదడు పొరలకు సోకే మెనింజైటిస్ వ్యాధి టీకా షరతు సౌదీ అరేబియాది. 1987 హజ్ సమయంలో ఆ వ్యాధి ప్రబలాక యాత్రికులకు టీకా తప్పనిసరి అయింది. 2000, 2001 సంవత్సరాల్లో మరో రకం బ్యాక్టీరియా విజృంభించడంతో నాలుగు రకాలను ఎదుర్కొనే టీకాకు మారారు. హజ్‌కు, ఉమ్రాకు వెళ్లేవారు అక్కడికి చేరడానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. టీకా తయారీ పద్ధతిని బట్టి ఒక రకం మూడేళ్లు, మరో రకం ఐదేళ్లు చెల్లుతుంది. కాబట్టి కార్డులో ఏ రకం వేశారో స్పష్టంగా రాయించుకోవాలి. హజ్ కమిటీ ద్వారా వెళ్లేవారికి జిల్లాల్లో పెట్టే శిబిరాల్లోనే ఈ పని అయిపోతుంది. సొంతంగా ఉమ్రాకు బయలుదేరేవారు మాత్రం ఎవరికి వారే చూసుకోవాలి.

కోవిడ్ కాలం ఈ వ్యవస్థకు పెద్ద పరీక్ష పెట్టింది. హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలో భారత్ బయోటెక్ తయారుచేసిన కోవాగ్జిన్‌ను రెండు మోతాదులు వేయించుకున్నవారిని కూడా చాలా దేశాలు టీకా లేనివారి కిందే జమకట్టాయి, కారణం ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర జాబితాలో అప్పటికి దాని పేరు లేకపోవడమే. 2021 నవంబర్ 3న ఆ పేరు చేరింది. సరిగ్గా ఐదు రోజులకు, నవంబర్ 8న, టీకా వేయించుకున్న విదేశీయులకు అమెరికా తలుపులు తెరిచింది. అమెరికాకు వెళ్లవలసిన విద్యార్థులు, ఉద్యోగులు ఉన్న తెలుగు ఇళ్లలో ఆ వారం తేలికపడిన ఊపిరి చిన్నది కాదు. దానికి ముందు సెప్టెంబరులో బ్రిటన్ మరో చిత్రమైన వాదన చేసింది: కోవిషీల్డ్ టీకాను ఒప్పుకుంటాం, కానీ భారతదేశం ఇచ్చే ధ్రువపత్రాన్ని ఒప్పుకోం అంది. మనవాళ్లు బ్రిటన్ పౌరులకూ క్వారంటైన్ విధించారు, అక్టోబర్ 11 నుంచి బ్రిటన్ దిగివచ్చింది. మందును నమ్మడం, కాగితాన్ని నమ్మడం వేర్వేరు విషయాలని లోకానికి తెలిసిందప్పుడే. ఆ షరతులు ఎత్తివేసి చాలాకాలమైంది. అమెరికా 2023 మేలో తీసేసింది. మనవలను చూడటానికి సందర్శక వీసా మీద అమెరికా వెళ్లే తాతయ్య, అమ్మమ్మలను ఇప్పుడు ప్రవేశం దగ్గర ఏ టీకా కార్డూ అడగరు.

విద్యార్థుల సంగతి వేరు, ఈ మొత్తం వ్యవహారంలో ఎక్కువ అయోమయం అక్కడే. అమెరికా విద్యార్థి వీసాకు టీకా షరతు లేదు. షరతు పెట్టేది విశ్వవిద్యాలయం, చాలాచోట్ల రాష్ట్ర చట్టాన్ని బట్టి. ప్రవేశపత్రంతో పాటు వచ్చే టీకాల ఫారం నింపకపోతే విమానం దిగనివ్వకపోవడం జరగదు గానీ, తరగతులకు నమోదు చేసుకోనివ్వరు. అందులో దాదాపు ఎప్పుడూ ఉండేది తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా మూడింటికీ కలిపి వేసే ఎంఎంఆర్ టీకా రెండు మోతాదులు. మన ప్రభుత్వ టీకా కార్యక్రమంలో మొదట తట్టుకు, 2017 నుంచి తట్టు, రుబెల్లాలకు వేస్తున్నారు. గవదబిళ్లల టీకా అందులో లేదు. అంగన్‌వాడీలో ఇచ్చిన తల్లీబిడ్డల కార్డును ఇన్నేళ్లు భద్రంగా దాచిన తల్లి దాన్ని తీసుకొచ్చి బల్ల మీద పెడితే, విశ్వవిద్యాలయ ఆరోగ్య కేంద్రం ఒక గడి ఖాళీగా ఉందని వెనక్కి పంపుతుంది. ఆ తల్లి తప్పేమీ లేదు, ఆ కార్డూ అబద్ధం కాదు.

పరిష్కారం కష్టమైనది కాదు, వ్యవధి కావాలి అంతే. రెండు ఎంఎంఆర్ మోతాదుల మధ్య కనీసం 28 రోజులుండాలి, కాబట్టి ఆగస్టు ప్రయాణానికి జూన్‌లోనే మొదటి సూది పడాలి. లేదా రక్తపరీక్షతో మూడు రోగాలకూ ప్రతిరక్షకాలు ఉన్నాయని చూపితే చాలా విశ్వవిద్యాలయాలు ఒప్పుకుంటాయి. పరీక్షలో ఒకదానికి లేదని తేలితే మళ్లీ సూదుల దగ్గరికే రావాలి. ఫారం మీద సంతకం చేసే వైద్యుడు తన రిజిస్ట్రేషన్ నంబరు, క్లినిక్ ముద్ర వేసి, ప్రతి మోతాదు తేదీనీ నెల పేరు అక్షరాల్లో రాస్తే అక్కడి గుమాస్తాకు జులై, ఆగస్టుల మధ్య సందేహం రాదు.